గాజులోంచి జెండా

హుస్సేన్‌బీ మేడమ్‌ని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పదు. చేతిలో ఏదో ఒకటి పెడుతుంది. పిస్టల్ పట్టుకుంటే చెయ్యి ఎందుకు వణుకుతుందని ఒక పిల్ల అడిగితే, నీళ్లు నిండిన చెంబు ఇచ్చి, చెయ్యి చాచి నిలబడమని చెప్పి, తాను టీ తాగడానికి వెళ్లిపోయింది. భయం ఎప్పుడు పోతుందని అడిగిన ఇంకో పిల్ల ఒళ్లో పిస్టల్ భాగాలన్నీ విడివిడిగా పోసి "మళ్లీ కూర్చు" అంది. ఆ పిల్ల కూర్చేసరికి మధ్యాహ్నమైంది. భయం సంగతి ఇద్దరూ మర్చిపోయారు.

ఆమె రిటైరైన సబ్ ఇన్‌స్పెక్టరు. ఊరికి దూరంగా గుట్ట కింద ఉన్న మహిళా పోలీసు శిక్షణ కేంద్రంలో కొత్త కానిస్టేబుల్ పిల్లలకి పిస్టల్ నేర్పడానికి మళ్లీ పిలిపించారు. సర్వీసులో ఉండగా పోలీసు షూటింగ్ పోటీల్లో ఆమె గెలిచిన ప్రతిసారీ ఎవరో ఒక ఆఫీసరు "ఈరోజు గాలి కలిసొచ్చింది" అనేవాడు. ఆమె రిటైరయ్యేదాకా ఆ గాలి ఒకే వైపు వీచిందన్నమాట. గురి తప్పిన మగపిల్లల్ని "గాజులు తొడుక్కుని ఇంట్లో కూర్చోండిరా" అని తిట్టడం కాల్పులు నేర్పే రేంజిలో మామూలు. రిటైరైన రోజున ఆమె నేరుగా బజారుకి వెళ్లి రెండు చేతులకీ ఆకుపచ్చ మట్టి గాజులు వేయించుకుంది. అదేమిటని అడిగినవాళ్లతో "సర్వీసంతా వింటానే ఉన్నా కదా, ఇప్పుడు తొడుక్కున్నా. ఇంట్లో మాత్రం కూర్చోను" అంది. ఆమెకి ఉన్న ఒకే ఒక్క పిచ్చి గుడ్డపీలికలు. పిస్టళ్లు తుడవడానికి స్టోరు వాళ్లిచ్చే గుడ్డ ఎప్పుడూ చాలదు. ఇంట్లో పాత లుంగీలు, దిండు గలేబులు చింపి సంచిలో తెస్తుంది. ఎవరి ఒంటి మీదైనా మెత్తటి నూలుగుడ్డ కనిపిస్తే, కొంగు పట్టుకుని వేళ్ల మధ్య నలిపి చూసి, నిట్టూర్చి వదిలేస్తుంది.

గురి పెట్టడానికి ఒక కన్నా, రెండు కళ్లా అని ఆమెని అడిగిన పిల్ల పేరు ఎస్తేరు. గుంటూరు వైపు మిరపకాయ కల్లాల్లో తల్లితోపాటు కాయలు ఏరి పెరిగిన పిల్ల. పరుగులో ముందుంటుంది, పరీక్షల్లో ముందుంటుంది. పిస్టల్ శబ్దానికి ఉలిక్కిపడదు. ఒక్కటే లోపం. ఆమెకి ఎడమ కన్ను మూయడం రాదు. ఎడమది మూస్తే కుడిదీ మూతపడుతుంది. బలవంతాన కుడిదాన్ని తెరిచి ఉంచితే ముఖమంతా వంకరపోయి, చెయ్యి కదిలి, తూటా వెళ్లి పక్క మట్టికట్టలో దూరుతుంది.

ఫైరింగ్ బాధ్యత చూసే ఇన్‌స్పెక్టర్ జనార్దనరావు చెడ్డవాడు కాదు. స్వయంగా గురి తప్పని మనిషి. అందుకే ఆయనకి సందేహాలు లేవు. "ఎడమ కన్ను మూయాలి, కుడి కంటితో చూడాలి. నాకు నేర్పినాయన అలా నేర్పాడు. ఆయనకు నేర్పినాయనా అలాగే నేర్పాడు" అనేవాడు. బ్యాచిలో ఎస్తేరు ఒక్కతే కాదు, ఇంకో ఇద్దరికీ కన్ను మూయడం రావడం లేదని తెలిసి, ఒక ఉదయం అందరినీ మైదానంలో వరసగా నిలబెట్టి, తాను ఎదురుగా నిలబడి, "ఎడమ కన్ను మూయ్! తెరువ్! మూయ్! తెరువ్!" అని డ్రిల్లు చేయించాడు. అంతమంది ఆడపిల్లలు పోలీసు దుస్తుల్లో, ప్రభుత్వ ఖర్చుతో, ఒక మగవాడికేసి కన్ను కొట్టడం ఆ మైదానంలో అదే మొదటిసారి. వంటశాల కిటికీలో గరిటెలు ఆగిపోయాయి. ఈ పిల్లల్ని పెంచిన తల్లులూ నాయనమ్మలూ ఆ దృశ్యం చూసి ఉంటే బ్యాచి మొత్తాన్ని ఆ పూటే ఇళ్లకు లాక్కుపోయేవాళ్లు.

"సార్, కన్ను కొట్టినాక ఏం చేయాల?" అని వరసలోంచి చంద్రకళ అడిగింది. ఎస్తేరు పక్క మంచం పిల్ల అది, నోరు ఆగదు.

"ఏం చేయడమేంటి?"

"మా ఊళ్లో కొట్టినోడు ఎనకాలే ఈల కూడా ఏస్తాడు సార్."

వరస మొత్తం నవ్వింది. జనార్దనరావు నవ్వలేదు. ఆయన చూపు ఎస్తేరు మీద పడింది. రెండు కళ్లూ గట్టిగా మూసుకుని, ప్రార్థనలో ఉన్నట్టు నిలబడి ఉంది.

"కన్ను మూయడం కూడా రాదా? మీ ఇంట్లో ఇదైనా నేర్పలేదా?"

ఎస్తేరు కళ్లు తెరిచి, "నేర్పకపోవడం కాదు సార్, మానిపించారు" అంది.

అది నిజం. చిన్నప్పుడు ఒక ఆదివారం చర్చిలో ముందు వరస పిల్లవాడు వెనక్కి తిరిగి కన్ను కొట్టాడు. అదేదో ఆటనుకుని ఈ పిల్ల కూడా ఎడమ కన్ను కొట్టింది. పాట మధ్యలోనే నాయనమ్మ చెవి మెలిపెట్టి బయటికి తీసుకెళ్లింది. ఇంకోసారి ఆ కన్ను మూసుకుంటే అందులో మిరప్పొడి కొడతానంది. మిరపకాయ కల్లం పిల్లకి ఆ బెదిరింపు బరువెంతో తెలుసు. ఆ కన్ను మళ్లీ ఒంటరిగా మూసుకోలేదు. ఆ పిల్లవాణ్ని ఎవరూ ఏమీ అనలేదు. ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు, ఇప్పటికీ కొడుతూనే ఉన్నాడు. ఆడపిల్ల ముఖంలో ఏ కండరం కదలాలో ఇంట్లోవాళ్లు ముందే తేల్చేస్తారు. తర్వాత ఉద్యోగంలో చేరితే, అది కదలడం లేదేమని ఇంకెవరో తిడతారు.

జనార్దనరావు చివరి మాటగా ఒకటి చెప్పాడు. వారం తర్వాత జరిగే ఫైరింగ్ పరీక్షలో తప్పినవాళ్లకి ఆయుధం ఇవ్వరు, వాళ్లని కంట్రోల్ రూములో ఫోన్ల దగ్గర వేస్తారు, ఇక స్టేషన్ డ్యూటీ ఉండదు. ఫోన్ ఎత్తడం తక్కువ పనేమీ కాదు. కానీ ఎస్తేరు ఉద్యోగానికి రావడం వెనక ఒక స్టేషను ఉంది. కల్లం మేస్త్రీ తన మీద చెయ్యి వేశాడని ఫిర్యాదు చెప్పడానికి తల్లి వెళ్లినప్పుడు, ఎస్తేరు వెంట వెళ్లింది. బల్ల వెనక మనిషి తలెత్తకుండానే "సాక్షులున్నారా?" అన్నాడు. స్టేషన్‌లోంచి ఆ ఊరికి కదిలి వచ్చినవాళ్లు ఎవరూ లేరు. ఫోన్ ఎత్తే మనిషి కాదు, ఫోన్ వచ్చిన చోటికి వెళ్లే మనిషి కావాలని ఆ రోజే ఆ పిల్ల నిర్ణయించుకుంది. ఇప్పుడు ఆ నిర్ణయం ఒక కనురెప్ప దగ్గర ఆగిపోయింది.

ఆ సాయంత్రం పిస్టళ్లు తుడిచే చోట హుస్సేన్‌బీ పక్కన కూర్చుని ఎస్తేరు అడిగింది. "మేడమ్, మీరు చెప్పండి. పిస్టల్ గురి పెట్టేటప్పుడు ఒక కన్నా, రెండు కళ్లా?"

హుస్సేన్‌బీ నూనె చుక్క వేసి, గుడ్డతో పిస్టల్ గొట్టం తుడుస్తూ, "పొద్దున రా" అంది.

పొద్దున ఎస్తేరు వెళ్లేసరికి ఆమె రేంజిలో నిలబడి ఉంది. బల్ల మీద పిస్టల్ లేదు. దూరంగా మట్టికట్ట మీద ఎర్ర జెండా ఎగురుతోంది. పార్టీ జెండా కాదు, కాల్పులు జరిగే చోటికి ఎవరూ రావద్దని పెట్టే జెండా. హుస్సేన్‌బీ కుడిచేతి గాజుల్లోంచి వదులుగా ఉన్నదొకటి తీసి ఎస్తేరు చేతికిచ్చింది.

"రెండు చేతులతో పట్టుకో. చేతులు ముందుకు చాచు. కళ్లు రెండూ తెరిచే ఉంచు. గాజులోంచి జెండా కనపడాల."

"కనపడతంది మేడమ్."

"కదలొద్దు." హుస్సేన్‌బీ తన అరచేతిని ఎస్తేరు కుడి కన్నుకి అడ్డం పెట్టింది. "ఇప్పుడు?"

"గాజులోనే ఉంది."

అరచెయ్యి తీసి ఎడమ కన్నుకి అడ్డం పెట్టింది. "ఇప్పుడో?"

ఎస్తేరు జెండా కోసం వెతికింది. గాజులో ఒక బండరాయి, దాని పక్కన తుమ్మకొమ్మ కనిపిస్తున్నాయి. "జెండా లేదు మేడమ్. ఎటో పోయింది."

"యాడికీ పోలేదు. ఆడనే ఉంది" అని హుస్సేన్‌బీ చెయ్యి తీసేసింది. జెండా మళ్లీ గాజులోకి వచ్చింది.

ఎస్తేరు ఇంకోసారి చూసింది. గాజు కిందికి దించి, మళ్లీ ఎత్తి, అడ్డం పెట్టమని అడిగి మరీ చూసింది. ఎన్నిసార్లు చూసినా అదే. ఎడమ కన్ను మూతపడిన క్షణాన జెండా గాజులోంచి తప్పుకుంటోంది. గురికి కొందరికి కుడి కన్ను ముందుంటుంది, కొందరికి ఎడమది. అన్నాళ్లూ ఆమె చేత మూయించబోయింది ఆమెకి గురి చూసే కన్నునే.

ఈలోగా బ్యాచి రేంజికి వచ్చింది. వెనకాలే జనార్దనరావు వచ్చాడు. ఎస్తేరు గాజు పట్టుకుని నిలబడి ఉండటం చూసి, "ఏంటి హుస్సేన్‌బీ గారూ, తూటాలు అయిపోయాయా? గాజులతో కాల్పిస్తున్నారు" అన్నాడు.

"మీరూ ఒకసారి పట్టుకోండి సార్."

"నేనా?"

"గాజే కదా సార్. కరవదు."

అంతమంది ఎదుట వెనక్కి తగ్గితే బాగుండదు. ముట్టుకుంటే అంతకంటే బాగుండదేమో అన్నట్టు కొంచెం తటపటాయించి, ఆయన ఆ ఆకుపచ్చ గాజుని రెండు చేతులతో పట్టుకుని ముందుకు చాచాడు. ఎంతమంది కుర్రాళ్లని గాజులు తొడుక్కోమన్నాడో గాని, ఒక గాజుని అంత శ్రద్ధగా పట్టుకోవడం ఆయనకి ఇదే మొదలు. జెండా గాజులోకి వచ్చిందన్నాడు. హుస్సేన్‌బీ "ఎడమ కన్ను మూయండి సార్" అంది. ఆయన అలవాటుగా మూశాడు. జెండా గాజులోనే ఉంది. కుడిది మూయమంది. జెండా పోయింది. ఆయన ముఖం వెలిగింది.

"చూశారా! ఎడమ కన్ను మూస్తే సరిగ్గా కనిపిస్తోంది. నేను మొదటినుంచీ చెబుతున్నది ఇదే."

"మీకు సరిగ్గానే ఉంటుంది సార్" అంది హుస్సేన్‌బీ.

ఆ మాటలో వెటకారం లేదు. అందుకే ఆయన దానికి కోపం తెచ్చుకోలేకపోయాడు. గాజు తిరిగిచ్చేశాడు. చంద్రకళ అది లాక్కుని తానూ చూసి, "నాదీ సార్ లాంటి కన్నే!" అని అరిచింది. నిజమే. ఎడమ కన్ను మూస్తే ఆ పిల్లకి హాయిగా గురి కుదిరేది. దానితో హుస్సేన్‌బీకి పేచీ లేదు. "నువ్వు మూసుకునే కాల్చు పో" అంది.

ఎస్తేరుకి మాత్రం ఆ రోజు నుంచి వేరే పాఠం. రెండు కళ్లూ తెరిచి, ముఖం కొద్దిగా కుడికి తిప్పి, పిస్టల్ గొట్టం చివర గురి చూడటానికి ఉండే చిన్న మొనని, ముందు సైటుని, ఎడమ కంటి ఎదుటికి తెచ్చుకోవాలి. మొదట రెండేసి పిస్టళ్లు, రెండేసి గురి బొమ్మలు కనిపించాయి. "రెండు కనపడతన్నాయి మేడమ్, ఏది నిజం?" అంటే "ముందు సైటు మీద నుంచి చూపు తీయకు. అబద్ధపుదాన్ని కన్నే వదిలేస్తుంది" అని మాత్రం చెప్పింది. నోటితో చెప్పిన జవాబు అదొక్కటే. పిల్ల పొద్దున తూటాలు లేని పిస్టల్‌తో గోడ మీద సున్నపు మచ్చకి గురి పెట్టేది. సాయంత్రం తూటాలతో కాల్చేది. ముఖం వంకరపోవడం మానేసింది. నాలుగైదు రోజులకి రెండో బొమ్మ పలచబడి, పలచబడి, నీళ్లలో ముగ్గులా కరిగిపోయింది. బొమ్మతోపాటు దానికి అటూ ఇటూ ఉన్నదంతా కూడా ఆమెకి తెలుస్తూ ఉండేది. కట్ట మీద వాలిన కాకి, పక్క వరసలో చంద్రకళ మోచెయ్యి, వెనక అటూ ఇటూ తిరుగుతున్న జనార్దనరావు నీడ.

పరీక్ష రోజున శిక్షణ కేంద్రం ప్రిన్సిపల్ మేడమ్ వచ్చి కుర్చీలో కూర్చుంది. పది తూటాల్లో ఆరైనా మనిషి బొమ్మ ఛాతీ మీద గీసిన గీత లోపల పడాలి. జనార్దనరావు నల్లటి గుడ్డపట్టీలు తెచ్చాడు. కన్ను మూయడం రానివాళ్ల ఎడమ కంటికి కట్టడానికి కొత్త నూలుగుడ్డ కొని, దగ్గరుండి కత్తిరించుకుని తెచ్చాడు. ఆయన సాయం చేస్తున్నాననే అనుకున్నాడు. ఆడవాళ్లకి ఎదురయ్యే సాయాల్లో ఇలాంటివి చాలా ఉంటాయి. ఎస్తేరు వంతు వచ్చింది. ఆయన పట్టీ పట్టుకుని దగ్గరికి వెళ్లాడు.

"వద్దు సార్."

"ఏంటి వద్దు?"

"గుడ్డ వద్దు సార్. రెండూ తెరిచే కాలుస్తాను."

"రేంజిలో బేరాలు లేవు. తల ఇలా తిప్పు."

ఎస్తేరు తల తిప్పలేదు. శిక్షణలో ఉన్న పిల్ల ఇన్‌స్పెక్టరు మాట కాదనడం చిన్న సంగతి కాదు. ఆ ఒక్క మాటకే ఇంటికి పంపించవచ్చు. ఆమె ఇన్‌స్పెక్టరు ముఖంలోకే చూస్తూ అంది. "తప్పితే ఫోన్ల గదికి నేనే నడిచి ఎల్తాను సార్. ఎవరూ చెప్పక్కర్లేదు. గుడ్డ కట్టించుకుని మాత్రం కాల్చను."

హుస్సేన్‌బీ దూరంగా బల్ల దగ్గర పిస్టల్ తుడుస్తూనే ఉంది, తలెత్తలేదు. ప్రిన్సిపల్ మేడమ్ కుర్చీలోంచి అడిగింది. "జనార్దనరావు గారూ, పరీక్షకి నియమం ఏముంది?"

"ఆరు తూటాలు గీతలో పడాలని మేడమ్."

"కన్ను గురించి?"

ఆయన అబద్ధమాడే మనిషి కాదు. కొంచెం ఆలోచించి, "కన్ను గురించి ఏమీ లేదు మేడమ్. అందరికీ తెలిసిందే కదా అని పెట్టి ఉండరు" అన్నాడు.

మన ఆడవాళ్ల బతుకులో సగం నడిచేది అలా ఎవరూ ఎక్కడా పెట్టని నియమాల మీదే. ప్రిన్సిపల్ మేడమ్ ఆ మాట అనలేదు. "అయితే కాల్చనివ్వండి" అని మాత్రం అంది. జనార్దనరావు పట్టీని బల్ల మీద పడేసి పక్కకి తప్పుకున్నాడు.

ఎస్తేరు పిస్టల్ ఎత్తింది. ముఖం కొద్దిగా కుడికి తిప్పింది. కళ్లు రెండూ తెరిచే ఉన్నాయి. నాయనమ్మ మూయనివ్వని కన్ను, ఇన్‌స్పెక్టరు తెరవనివ్వని కన్ను, రెండూ ఒకటే కన్ను, ముందు సైటు మీద నిలబడింది. మొదటి తూటా భుజం పక్కనుంచి పోయి మట్టి లేపింది. ఎస్తేరు తొందరపడలేదు. పిస్టల్ కొంచెం దించి, ఊపిరి వదిలి, మళ్లీ ఎత్తింది. రెండోది పడింది. మూడోది పడింది. తర్వాత వరసగా, కల్లంలో మంచి కాయా తాలుకాయా వేరు చేసే చేతిలా ఒకే లయలో, తొందర లేకుండా, ఆగకుండా చెయ్యి పని చేసుకుపోయింది. చివరిది గీత బయట పడింది. పిస్టల్ ఖాళీ చేసి చూపించి, బల్ల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి నిటారుగా నిలబడింది. అప్పుడు ఆమెని చూస్తే ఫోన్ల గదికి వెళ్లే మనిషిలా లేదు. ఎవరి బల్ల ముందైనా నిలబడి తలెత్తించగల మనిషిలా ఉంది.

చిల్లులు లెక్కపెట్టడానికి జనార్దనరావు తానే వెళ్లాడు. ఒక్కో చిల్లులో వేలు పెట్టి చూశాడు. తిరిగి వచ్చే దారిలో ఆయన నడక నెమ్మదించింది. దగ్గరికి వచ్చాక ప్రిన్సిపల్ వైపు తిరిగి, వరసంతటికీ వినబడేలా "ఎనిమిది" అన్నాడు. చంద్రకళ ఈల వేసింది. అడ్డుకున్నవాళ్లు లేరు.

ఆయన హుస్సేన్‌బీ దగ్గరికి వెళ్లి, గొంతు తగ్గించి అడిగాడు. "ఆ గాజు ఒకసారి ఇస్తారా? కన్ను మూతపడని పిల్లలు ఇంకో ఇద్దరున్నారు."

ఆమె గాజు తీసి ఇచ్చింది. ఇన్‌స్పెక్టరుగారు దాన్ని పగలకుండా రెండు చేతుల మధ్య పట్టుకుని, ఆ ఇద్దరు పిల్లల వైపు నడిచాడు.

సాయంత్రం పిస్టళ్లు తుడిచే చోట ఎస్తేరు మళ్లీ వచ్చి కూర్చుంది. "అంతా అయింది గాని మేడమ్, నేనడిగినదానికి మీరు చెప్పనేలేదు. ఒక కన్నా, రెండు కళ్లా?"

జనార్దనరావు వదిలేసిన నల్లపట్టీ బల్ల మీదే పడి ఉంది. హుస్సేన్‌బీ దాన్ని తీసి, వేళ్ల మధ్య నలిపి చూసింది. దాని మీద నూనె చుక్క వేసి, ఎస్తేరు కాల్చిన పిస్టల్‌తో పాటు ఆమె చేతిలో పెట్టింది.

"మంచి నూలు" అంది. "తుడువు."